గడ్డివాము చాటు చంద్రుడు

మొన్న సాయంత్రం బాన్సువాడలో కళ్ళ డాక్టరు దగ్గర గోడవార బల్ల మీద కూర్చుని ఉన్నాను. నా కళ్ళకు పెద్ద జబ్బేమీ లేదు. కంట్లో ఒత్తిడి పెరిగిందేమోనని ఏడాదికోసారి చూపించుకోవడం నాకు పెళ్ళికి ముందు నుంచీ ఉన్న అలవాటు. అందరూ దేవుడికి మొక్కుకుంటే నేను కళ్ళ డాక్టరుకు మొక్కుకున్నానని మా ఆయన వెక్కిరించేవారు. అక్కడ పనిచేసే అమ్మాయి రెండు కళ్ళలో చుక్కలు వేసి, "గిట్లనే కూసో అమ్మమ్మా, పేరు పిలుస్త" అని లోపలికి పోయింది. చుక్కలు పనిచేస్తున్నకొద్దీ గోడ మీది అక్షరాలు ఉబ్బి ఒకదానిలోకి ఒకటి జారుకున్నాయి. ఫ్యాను రెక్కలు, ఎదుటివాళ్ళ ముఖాలు, గుమ్మం బయట ఆగిన ఆటో, అన్నీ పాలలో ముంచి తీసినట్టు మెత్తబడ్డాయి. తోడుగా వచ్చిన మనవరాలు, మా చిన్నమ్మాయి కూతురు, ఇంటర్ చదువుతోంది. ఊరికే కూర్చోలేని పిల్ల. ఫోను తెచ్చి నా ముక్కు దగ్గర పెట్టింది.

"అమ్మమ్మా, గిది చూడు. యురేనస్. స్పేస్ల తిరిగే టెలిస్కోప్ తీసిన ఫొటో. దీనికి గూడ రింగ్స్ ఉన్నయ్, తెలుసా?"

"తెలుసే. నీకంటే చిన్నప్పుడే తెలుసు."

"అబద్ధం. అప్పుడు మీ ఊర్ల కరెంటే సక్కగ లేదంటివి గద!"

చుక్కలు వేసిన కళ్ళకు ఆ ఫొటో ఎంత కనబడాలో అంతే కనబడింది. లేత నీలంగా ఒక బిళ్ళ, దాని చుట్టూ సన్నటి తెల్లటి వలయాలు. అందులో నిజంగా ఉన్నవి ఎన్నో, నా కళ్ళు కల్పించినవి ఎన్నో చెప్పలేను. ఆ వలయాలను ఇంకా ఎవరూ కళ్ళారా చూడకుండానే, అవి ఉన్నాయని మాత్రం తెలిసిన రోజులవి. నేను బీర్కూరు పక్కన మా ఊళ్ళో ఉంటూ, రోజూ బస్సులో బాన్సువాడ వచ్చి పదో తరగతి చదివేదాన్ని. ఆ కొత్త తెలివితోనే మా మేనత్తకు ఒక కన్ను పోవడానికి కారణమయ్యాను. ఈ మాట మనవరాలికి చెప్పలేదు. ఫోను తిరిగి ఇచ్చేసి కళ్ళు మూసుకున్నాను.

మా అత్త బాపుకు అక్క. ఆమెను జుక్కల్ దగ్గర ఒక ఊరికి ఇచ్చారు. నెల తిరక్కుండానే ఒక పెట్టె, ఒక పాలబర్రెతో తిరిగొచ్చింది. ఎందుకొచ్చావని అడిగినవాళ్ళందరికీ "ఆడ నీళ్ళు పడలే" అని ఒకటే జవాబు. నేను ఎదిగాక ఎన్నో రకాలుగా అడిగి చూశాను, నాకూ అదే జవాబు. అత్తవారింటి నుంచి ఆమె తెచ్చుకున్న ఆస్తి ఆ బర్రె, దాన్ని తిట్టడానికి నాలుగు మరాఠీ మాటలు. ఆ బర్రె తెలుగులో తిడితే కదిలేది కాదు. ఆమె నల్లగా, పొడుగ్గా ఉండేది; ఎప్పుడూ ఏదో లెక్క తేల్చుకుంటున్నట్టు కళ్ళు సగం మూసి చూసేది. ఇంట్లో పెత్తనం మా అమ్మదే. కల్లం మీద పెత్తనం మాత్రం అత్తది. వడ్లు ఎప్పుడు ఆరబోయాలి, ఎప్పుడు కుప్ప చెయ్యాలి, ఎప్పుడు గడ్డి కప్పాలి అన్నది ఆమె చెప్పాల్సిందే. ఆమె మాట కోసం పక్క కల్లాల వాళ్ళు కూడా మాపటివేళ మా వాకిట్లోకి వచ్చి, దేనికి వచ్చారో చెప్పకుండా కాసేపు బీడీ కాల్చుకుని, పోతూ పోతూ "ఏమంటుందక్కా మొగులు?" అని అడిగేవారు.

మొగులంటే ఆకాశం; ఆమె లెక్కంతా అక్కడే ఉండేది. చంద్రుడి చుట్టూ పడే వెలుగు వలయాన్ని మా వైపు గుడి అంటారు. "దగ్గర గుడి దూరం వాన, దూరం గుడి దగ్గర వాన" అన్న సామెత అందరికీ తెలిసిందే. కానీ దగ్గరంటే ఎంత దగ్గర, దూరమంటే ఎంత దూరం అన్నది తెలిసినామె మా ఊళ్ళో అత్త ఒక్కతే. చేయి చాచి, నాలుగు వేళ్ళు చంద్రుడికీ గుడికీ మధ్య అడ్డంగా పెట్టి కొలిచేది. యాసంగి కోతలప్పుడు, అంటే వేసవి మొదట్లో, మా ప్రాంతంలో వానకు వేళాపాళా ఉండదు. పొద్దున మండుటెండ, మధ్యాహ్నానికి రాళ్ళవాన. ఆరబోసిన వడ్లు తడిస్తే ఆరు నెలల చాకిరీ బురదపాలు. అందుకని ఆమె నాలుగు వేళ్ళకు ఊళ్ళో సర్పంచి సంతకం కంటే ఎక్కువ విలువ ఉండేది.

ఆ ఏడు యాసంగిలో ఒక సాయంత్రం అత్త వాకిట్లో నిలబడి, "గుడి కట్టింది. సన్నగ, దగ్గరికి. మూడొద్దులకు వాన" అంది. మేమంతా తల ఎత్తి చూశాం. చంద్రుడు శుభ్రంగా ఉన్నాడు. బాపు కళ్ళు నులుముకున్నాడు. అమ్మ, తనకు చత్వారం వచ్చిందేమోనని బెంగపడింది. "సింగిడి రంగులున్నయ్ గద, గంత సక్కగ కనవడుతుంటే సూడరేంది!" అని ఇంద్రధనుస్సును చూపిస్తున్నట్టు అత్త విసుక్కుంది. ఎవరికీ కనబడకపోయినా ఆమె మాట మీద వడ్లు కుప్ప చేసి గడ్డి కప్పారు. సరిగ్గా మూడో రోజు మధ్యాహ్నం పడమట నుంచి దుమ్ము లేచి, గంటసేపు వాన దంచింది. మా కుప్పా, పక్క కల్లం కాక కుప్పా తప్ప ఆ వైపు వడ్లన్నీ తడిశాయి. కాక అంటే మాకు చుట్టం కాదు, మా కల్లం హద్దు పంచుకున్న మనిషి. నోట్లో నాలుక లేనివాడు. ఆయన తెల్లారి ఒక చెంబెడు జున్నుపాలు తెచ్చి అత్త ముందు పెట్టి, "అక్కా, నీ కండ్లు సల్లగుండ" అన్నాడు. ఇప్పటికీ నాకు గుర్తొస్తుంది ఆ మాట.

వాన వెలిసిన మరునాడే అత్తకు మళ్ళీ గుడి కనబడింది. ఈసారి బాపు ఊరుకోలేదు. అన్నం తింటూ, "ఇందరికి కనవడని గుడి నీకొక్కదానికే ఎట్ల కనవడుతుందక్కా? మా కండ్లేమన్న గవ్వలా?" అన్నాడు. అత్త కంచంలో అన్నం కలుపుతూ ఉండిపోయింది. ఆమె మాటను ఆమె తమ్ముడు అనుమానించడం నేను చూడటం అదే మొదలు. నేను అత్త పక్కకు జరిగి కూర్చున్నాను. పైగా ఆ రోజే బళ్ళో సైన్సు సారు చెప్పిన సంగతి ఒకటి నా నోట్లో దురద పెడుతోంది.

సారు పాఠం మధ్యలో పేపరు ముక్క తీసి చదివాడు. శనికి కాకుండా ఇంకో గ్రహానికి కూడా వలయాలు ఉన్నాయట. మన కంటికి ఆనని యురేనస్ అది. మంచుముద్దలాంటి పెద్ద గ్రహం. దాన్ని కొందరు వరుణ గ్రహం అని కూడా అనేవాళ్ళు. ఆ గ్రహం ఒక చుక్కకు అడ్డంగా పోతుందని తెలిసి, శాస్త్రవేత్తలు విమానంలో దుర్బిణి పెట్టుకుని చూడబోయారట. గ్రహం ఇంకా చుక్కను చేరకముందే చుక్క ఒకసారి మినుకుమంది. మళ్ళీ మినుకుమంది. అట్లా అయిదుసార్లు. సరే, ఏ మబ్బో అనుకున్నారు. గ్రహం దాటిపోయాక అవతలి పక్కన కూడా, ఇంచుమించు అంతే దూరాల్లో, మళ్ళీ అయిదుసార్లు మినుకుమంది. అంటే గ్రహం చుట్టూ ఏవో సన్నటి వలయాలు ఉండి, ఇటు అయిదుసార్లు, అటు అయిదుసార్లు చుక్కకు అడ్డం వచ్చాయన్నమాట. సారు నల్లబల్ల మీద సుద్దముక్కతో గీసి, వలయాలు గీయాల్సిన చోట ఖాళీ వదిలేశాడు. "బొగ్గంత నల్లగ ఉంటయట. ఎవ్వరు సూడలే. కనీ ఉన్నయ్" అన్నాడు. ఆ ఖాళీ జాగా నా మనసులో అట్లా నిలిచిపోయింది. బస్సులో ఇంటికి వస్తూ కాలువ నీళ్ళలోకి చూసినా, చెరకు తోటల మీది ఎండలోకి చూసినా ఎవరికీ కనబడని వలయాలే కనబడ్డాయి.

అదంతా బాపుకు చెప్పాను. చెప్పి, "ఎవ్వరికి కనవడకపోతే లేనట్టేనా బాపూ? అత్త కండ్లకు కనవడుతుందేమో, మనకు అంత సూపు లేదేమో!" అన్నాను. పదో తరగతి పిల్ల సైన్సు చెబితే ఆ కాలంలో బాపులు నోరు మూసుకునేవాళ్ళు. బాపు గంభీరంగా తల ఊపి, చెయ్యి కడుక్కున్నాడు. వడ్ల కుప్ప మీద గడ్డి తీయనివ్వలేదు. అత్త నా వైపు చూసి, చీకట్లో పళ్ళు కనబడేలా నవ్వింది. నాకు ఆ రాత్రి పరీక్షలో మొదటి మార్కు వచ్చినంత గర్వంగా ఉంది.

తరవాతి వారం రోజులు నా జీవితంలో అన్నింటికంటే అందమైనవని చెబితే తప్పో ఒప్పో తెలియదు. పొద్దుగూకగానే అత్తా నేనూ వాకిట్లో మంచం మీద వెల్లకిలా పడుకునేవాళ్ళం. కోసిన మళ్ళ నుంచి పచ్చిగడ్డి వాసన, ఎక్కడో బెల్లం వండుతున్న పొగ. ఆమె ఆ గ్రహం గురించి పదేపదే చెప్పించుకునేది. అది మిగతా గ్రహాల్లా నిలబడి తిరగదు, పక్కకు ఒరిగి దొర్లుతూ పోతుందని చెబితే, "పండుకొని తిరుగుతదా? మీ బాపు లెక్కనే ఉన్నది" అంది. అంత చల్లటి చోట ఎవరుంటారని అడిగింది. ఎవరూ ఉండరన్నాను. "మరి ఎవలు సూస్తరని గన్ని గుడులు కట్టుకున్నది?" అని చాలాసేపు ఆలోచనలో పడింది. ఆ రోజుల్లోనే మాపటివేళ ఆమెకు తలనొప్పి వచ్చేది. సొంఠి అరగదీసి నుదుటికి పట్టువేసి, గుడ్డ బిగించి కట్టుకునేది. ఒక సాయంత్రం నట్టింట్లో కొత్తగా పెట్టిన బల్బు వైపు చూస్తూ పకపకా నవ్వి, "దీనికి గూడ గుడి కట్టిందే. ఇగ ఇంట్ల గూడ వాన వడ్తదేమో! ఎవ్వలకు చెప్పకు, మీ బాపు నవ్వుతడు" అంది. నేనూ నవ్వాను. ఎవరికీ చెప్పలేదు. అప్పుడే చెప్పి ఉంటే ఈ కథ ఇంకో రకంగా ఉండేది.

ప్రతి సాయంత్రమూ గుడి కనబడింది, ప్రతి సాయంత్రమూ వాన మూడు రోజుల దూరంలో ఉంది. రోజూ మూడు రోజులే. మొదటి వాన తరవాత నూర్చిన వడ్లు పచ్చిగా ఉన్నాయి, వాటికి ఎండ తగలాలి. మా బాపు అనుమానపు మనిషి కాబట్టి, అత్త మధ్యాహ్నం కునుకు తీస్తున్నప్పుడు దొంగతనంగా గడ్డి లాగి, తన వడ్లను తానే ఎండబెట్టుకుని, ఆమె లేచేలోగా మళ్ళీ కప్పేవాడు. నోట్లో నాలుక లేని కాక మాత్రం అత్త చెప్పింది చెప్పినట్టు చేశాడు. ఆరో రోజున గడ్డి తీసి చూస్తే కుప్ప లోపల చెయ్యి పెట్టలేనంత వేడి. వడ్లు ముక్కిపోయి, అడుగున తెల్లటి మొలకలు. ఆయన ఒక గుప్పెడు పట్టుకొచ్చి మా గడప మీద పోశాడు. పోట్లాటకు రాలేదు. "మొగులే మాట తప్పిందక్కా, నువ్వేం జేస్తవు" అన్నాడు. తిట్టినా అత్తకు అంత బాధ కలిగేది కాదు. ఆ రోజు ఆమె అన్నం తినలేదు.

నేను మరునాడు బళ్ళో సారుకు జరిగింది చెప్పాను. కాక వడ్ల సంగతి కంటే, మా అత్తకు మాత్రమే కనబడే గుడి సంగతే ఎక్కువ చెప్పుకున్నాను. సారు నవ్వలేదు. సుద్దముక్క చేతిలో తిప్పుతూ, "చంద్రున్ని దేనికన్న చాటు చేసి చూడుమను. గుడి మొగుల్ల ఉంటే, చంద్రుడు దాగినా గుడి దాగది, మిగుల్తది. మిగిలిందో లేదో నాకు చెప్పు" అన్నాడు. నాకు ఎంత సంతోషమైందంటే, విమానంలో దుర్బిణి పెట్టుకుని పోయినవాళ్ళు చేసిన పనే మా కల్లంలో చేయబోతున్నాననిపించింది. అత్త మాట నిజమని తేలుతుంది, బాపు నోరు ఇంకోసారి మూతపడుతుంది.

పొద్దు వాలుతుండగా అత్తను కల్లానికి తీసుకుపోయాను. కొత్తగా వేసిన గడ్డివాము కొప్పు వెనక్కి చంద్రుడు వచ్చేలా ఆమెను భుజాలు పట్టి నిలబెట్టాను. గడ్డి అంచు మీద సన్నగా వెలుగు.

"గుడి ఉన్నదా అత్తా?"

"ఆగు... ఉన్నది, సింగిడి లెక్క ఉన్నది. ఇంకింత పక్కకు జరగాల్నా?"

"జరుగు. చంద్రుడు మొత్తం దాగాలె."

ఆమె ఒక అడుగు జరిగింది. కళ్ళు సగం మూసి చూసే మనిషి, ఆ క్షణం రెండు కళ్ళూ పెద్దవి చేసి చూసింది. మళ్ళీ ఇవతలికి జరిగింది. మళ్ళీ అవతలికి. పక్కన నిలబడి నేను ఉంది అనే మాట కోసం చూస్తున్నాను.

"పోయిందే" అంది మెల్లగా. "సంద్రుడు పోతే గుడి గూడ పోతుంది. సంద్రుడొస్తే గుడి గూడ వస్తుంది." తరవాత తన కుడి అరచేతితో ఒక కన్ను, అది తీసి ఎడమ అరచేతితో ఇంకో కన్ను మూసి చూసుకుంది. "ఇగ గుడి మొగుల్ల లేదు బిడ్డా. నా కంట్లనే ఉన్నది."

నాకంటే ముందు ఆమెకే అర్థమైంది. అక్షరం ముక్క రాని మనిషి, రెండు అడుగులు అటూ ఇటూ వేసి తేల్చుకుంది. ఏడుస్తుందనుకున్నాను. ఏడవలేదు. కొంగు దులుపుకుని, "నడువ్, ముందుగాల కాకకు జెప్పాలె" అంది. చీకటి పడుతుండగా ఆయన వాకిట్లో నిలబడి, ఊరంతా తన నాలుగు వేళ్ళను నమ్మే ఆ మనిషి, "మొగులు మాట తప్పలే తమ్మీ. నా కన్ను తప్పింది. ఇగ నా మాట వినకుండ్రి" అని చెప్పింది. మా వడ్లలో సగం ఆయన కల్లంలో పోయించేదాకా బాపును నిద్రపోనివ్వలేదు.

సారే రెండు రోజులకు నిజామాబాద్ దవాఖానకు దారి చెప్పాడు. కంట్లో ఒత్తిడి పెరిగే జబ్బు అన్నారు. దీపాల చుట్టూ రంగుల వలయాలు కనబడటం, సాయంత్రం తలనొప్పి దాని గుర్తులట. కుడి కన్ను నిలిచింది. ఎడమ కన్నులో అప్పటికే వెలుగు తగ్గిపోయింది, తిరిగిరాలేదు. "ఒక వారం ముందు రావాల్సింది" అన్నాడు డాక్టరు, గోడ మీది క్యాలెండరు వైపు చూస్తూ మామూలుగా. ఆ వారం ఎక్కడికి పోయిందో ఆ గదిలో నాకొక్కదానికే తెలుసు. అది మంచం మీద వెల్లకిలా పడుకుని మేం మాట్లాడుకున్న వారం. బల్బు సంగతి నేను నవ్వి దాచిపెట్టిన వారం. తిరుగు బస్సులో అత్త కంటికి కట్టుతో నా పక్కన కూర్చుంటే, నా వల్లే పోయింది అత్తా అని ఏడ్చాను. "గమ్మునుండు. ఆ సుక్క ముచ్చట, ఆ చాటుచేసి సూసుడు నువ్వు జెప్పకుంటే ఈ రెండో కన్ను గూడ పోతుండె" అంది. అది నిజమో, నన్ను ఊరుకోబెట్టడానికి అన్న మాటో ఇన్నేళ్ళయినా తేల్చుకోలేకపోయాను.

ఊరు మాత్రం ఆమె మాట వినడం మానలేదు. కానీ ఆమె పద్ధతి మార్చింది. ఎవరైనా వచ్చి "గుడి కట్టిందక్కా" అంటే, "గడ్డివాము చాటుకు పోయి సూసి రాపో, తర్వాత మాట్లాడుదాం" అనేది. అట్లా మా ఊళ్ళో చంద్రుణ్ణి చాటుచేసి చూడటం ఒక ఆనవాయితీ అయింది. ఆమె ఒంటికన్నుతో ఇంకా ఇరవై యాసంగులు కల్లం ఏలింది. ఇప్పటికీ ఆ వాడకట్టులో ముసలివాళ్ళు గుడి కడితే గోడ చాటుకు పోయి చూస్తారు. ఎందుకని అడిగితే పెద్దలు చేసేవాళ్ళంటారు. ఆ పెద్ద మా అత్త అనీ, ఆమె వెనక ఎవరూ వెళ్ళలేని చోట ఒక మంచు గ్రహం ఉందనీ వాళ్ళకు తెలియదు. సారు ఖాళీగా వదిలేసిన వలయాలకు తరవాత ఫొటోలు వచ్చాయి. పేపర్లో వచ్చినప్పుడల్లా కత్తిరించి దాచాను. మొదటిసారి వచ్చిన ఫొటోను అత్త మిగిలిన కంటికి దగ్గరగా పెట్టుకుని చాలాసేపు చూసి, "గిది ఉత్తదైతే గాదు గద? చాటుచేసి సూసిన్రా?" అని అడిగింది.

"అమ్మమ్మా, పిలుస్తున్నరు" అని మనవరాలు భుజం తట్టింది. డాక్టరు ఒత్తిడి చూసి, బాగానే ఉంది, మళ్ళీ ఏడాదికి రమ్మన్నాడు. బయటికి వచ్చేసరికి దీపాలు పెట్టారు. చుక్కల మత్తు ఇంకా దిగలేదు, బండ్ల లైట్లన్నీ పువ్వుల్లా విచ్చుకుని పోతున్నాయి. ఆటో దిగి మా సందు మొగలో నిలబడితే, నీళ్ళ ట్యాంకు పైన చంద్రుడు. ఆయన చుట్టూ పెద్ద గుడి. మనవరాలి చెయ్యి వదిలించుకుని నాలుగు అడుగులు వేశాను, ట్యాంకు చాటుకు చంద్రుడు పూర్తిగా పోయేదాకా.

"ఏం చేస్తున్నవ్ అమ్మమ్మా, బండ్లొస్తున్నయ్!"

"చంద్రుడు దాగిండు. గుడి కనవడుతుందా నీకు?"

ఆ పిల్ల తల ఎత్తింది. "కనవడుతుంది. మస్తు పెద్దగుంది. ఏంది గిది?"

నాకూ కనబడుతోంది. ట్యాంకు చుట్టూ, ఇళ్ళ మీదుగా, నిశ్శబ్దంగా, చంద్రుడు లేని గుడి. మనవరాలు ఫోను తీసి ఫొటోలు తీసుకుంటుంటే నేను అక్కడే నిలబడి అత్తను తలుచుకున్నాను. కాలం ఆమెను చాటుచేసి ఎన్నేళ్ళయిందో లెక్కపెట్టడం మానేశాను. నువ్వు పోయాక కూడా నీ చుట్టూ ఉన్న వెలుగు ఇంకా మిగిలే ఉంది అత్తా, చాటుచేసి చూశాను, ఇది నా కంట్లోది కాదు.